షేరుకు రెండు సప్పర్లు

ఈస్ట్ గిల్బీలో ఎవరైనా ఫలానా మనిషి మంచివాడేనా అని మిస్ హెస్టర్ క్విమ్బీని అడిగితే ఆమె జవాబు చెప్పేది కాదు. "నీకు ఎన్నేళ్లుగా తెలుసు?" అని ఎదురడిగేది. పదేళ్లకు తక్కువ చెబితే, "అయితే ఇంకా పరిచయం కాలేదన్నమాట" అని మళ్లీ తన ఊలు అల్లికలోకి తల దించుకునేది. వెర్మాంట్ కొండల్లో ఈ మాటకు ఎవరూ నొచ్చుకోరు. ముప్ఫై ఏళ్ల కిందట వచ్చి, ఇల్లు కట్టుకుని, ముగ్గురు పిల్లల్ని కని, చర్చి వెనక ఆరడుగుల స్థలం కూడా కొనిపెట్టుకున్న పెద్దమనిషిని ఆ ఊళ్లో నేటికీ "ఆ కొత్తాయన" అనే అంటారు.

నలభై ఏళ్ల పైచిలుకు ఆమె ఆ ఊరి బడిలో లెక్కలు చెప్పింది. అన్నేళ్లలో ఒక్క పరీక్ష చూసి ఏ పిల్లాణ్ణీ నెత్తికెత్తుకోలేదు, ఒక్క పరీక్ష చూసి ఎవణ్ణీ తప్పించలేదు. పది పరీక్షలు పెట్టేది, పదీ కూడి పదితో భాగించేది. "వాడికి ఆ రోజు కడుపునొప్పి అయ్యుండొచ్చు. లేదా పక్కవాడు తెలివైనవాడు అయ్యుండొచ్చు. రెండింట్లోనూ వాడి ప్రతాపం ఏమీ లేదు" అనేది. ఈ న్యాయం వల్ల గట్టెక్కినవాళ్లలో మొదటివాడు హొరేస్ ట్యూక్స్‌బరీ. భిన్నాల పరీక్షలో అతనికి సున్నా వచ్చింది. మిగతా తొమ్మిదింటి పుణ్యాన పైతరగతికి పోయాడు. తర్వాత ఇనుప సామాన్ల దుకాణం పెట్టి, చర్చి పెద్దల్లో ఒకడై, యాభై ఎనిమిదేళ్లవాడయ్యాడు. అయినా టీచర్ ఎదురైతే చేతులు జేబుల్లోంచి తీసేవాడు.

పదేళ్ల సగటు అనే ఈ మతంలోకి ఆమెకు దీక్ష ఇచ్చినవాడు తండ్రి. పాపం, ఇస్తున్నట్టు ఆయనకే తెలియదు. వాళ్లకు కొండ మీద మేపుల్ తోపు ఉండేది. చలికాలం చివర చెట్లకు గాట్లు పెట్టి, బకెట్లు తగిలించి, కారిన రసాన్ని కాచి పాకం తీసి అమ్మేవాళ్లు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే రసం దిగుతుంది. హెస్టర్‌కు పన్నెండో ఏట రాత్రీ పగలూ ఒకటే వెచ్చన. బకెట్లలో ఈగలు పడ్డాయి గాని రసం పడలేదు. సరిగ్గా ఆ వారమే బర్లింగ్టన్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఆ ఏడు వచ్చిన పాకం విలువ లెక్కకట్టి, దానికి ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు. ఉదారంగానే ఉంది. నాన్న అమ్మేశాడు. మరుసటి వసంతానికి అవే చెట్లకు బకెట్లు చాలలేదు. ఆ వ్యాపారి పెట్టిన డబ్బు నాలుగు వసంతాల్లో చేతికొచ్చింది. నాన్న మాత్రం బతికినన్నాళ్లూ తోపు పక్క దారి మానేసి, చుట్టు తిరిగి చర్చికి వెళ్లాడు. ఎందుకని కూతురు అడగలేదు, తనూ ఆ చుట్టుదారే పట్టింది. ఆ ఇంట్లో ఎవరినీ ఏమీ అడిగే అలవాటు లేదు.

ఊరికి తిండి పెట్టేది మంచునాగళ్ల కార్ఖానా. లారీ ముందు బిగిస్తే రోడ్డు మీది మంచును పక్కకు తోసే ఉక్కు పలకలు అక్కడ తయారవుతాయి. దాన్ని పెట్టిన ఇజ్రా స్లేటన్‌కు పిల్లలు లేరు, ప్రభుత్వం మీద నమ్మకం లేదు, బంధువుల మీద అంతకంటే లేదు. అందుకని పోతూ పోతూ కార్ఖానా షేర్లలో సగానికి పైగా ఊరి లైబ్రరీకి రాసిపోయాడు. ఆ విధంగా అమెరికా దేశపు ఉక్కు పరిశ్రమలో ఒక చిన్న ముక్క, కథల పుస్తకాలూ కోళ్ల పెంపకం మీద గ్రంథాలూ ఉన్న ఒక గదికి సొంతమైంది. ఆ గదికి ముగ్గురు ట్రస్టీలు: హెస్టర్, హొరేస్, లురీనా కాబ్. లురీనా ముప్ఫై ఏళ్లుగా చర్చి సప్పర్ వంటింటికి మహారాణి. నెలకో శనివారం చర్చి కింది హాలులో ఊరంతా కూర్చుని తినే ఆ విందులో కుండలో మగ్గిన బీన్స్, హామ్ అనే పందిమాంసం ముక్క, నల్లరొట్టె, చివర ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన గుండ్రటి తీపి రొట్టె, అదే ఆపిల్ పై, ఉంటాయి. రాజులు మారినా మెనూ మారదు. ఆ దేశంలో రాజులు లేరు కాబట్టి ఆ పరీక్ష ఎన్నడూ రాలేదు.

1980 చలికాలంలో మంచు పడలేదు. పక్క రాష్ట్రంలో ఒలింపిక్ పోటీల కోసం యంత్రాలతో మంచు తయారుచేసి పరిచారని పేపర్లో చదివి ఊరు ఊరంతా సిగ్గుపడింది. కార్ఖానా పెరట్లో కొత్త నాగళ్లు పెళ్లిచూపులకు ముస్తాబైన పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి, చూడవచ్చినవాడు లేడు. ఆ ఏడాది షేరుకు మిగిలింది ఒకే ఒక్క డాలరు.

మార్చి చివర, రోడ్లన్నీ మోకాటి లోతు బురదయ్యే రోజుల్లో, ఒహాయో నుంచి మిస్టర్ బ్రాంట్ అనే ఆయన వచ్చాడు. అక్కడి ఒక పెద్ద కంపెనీ తరఫున లైబ్రరీ షేర్లు బేరమాడటానికి వచ్చిన మనిషి. కారు ఊరి పొలిమేరలో దిగబడితే నలుగురు కలిసి లాగారు. ఆ నలుగురికీ చేతులు పట్టుకుని వంగి వంగి ధన్యవాదాలు చెప్పాడు. మంచి మనిషే. ఆ శనివారం సప్పర్‌లో కూర్చుని, బీన్స్ మెచ్చుకుని, సోమవారం లైబ్రరీలో ట్రస్టీల ముందు నిలబడ్డాడు. పైకప్పు నుంచి నాలుగు బకెట్లలోకి వాన నీళ్లు నాలుగు స్వరాలు పలుకుతున్నాయి.

"షేరుకు ముప్ఫై డాలర్లండీ," అన్నాడు. "మీ షేరు పోయిన పన్నెండు నెలల్లో సంపాదించింది ఒక్క డాలరు. దానికి ముప్ఫై రెట్లు. న్యూయార్క్ బజారులో ఇవాళ పేరుమోసిన కంపెనీలే ఎనిమిది రెట్లకు దొరుకుతున్నాయి. మా పెద్దలకు ఏం సంజాయిషీ చెప్పుకోవాలో నాకే తోచడం లేదు."

హొరేస్ కుర్చీ ముందుకు జరిగింది. "విన్నారా టీచర్? ముప్ఫై రెట్లు! కప్పు వేయించొచ్చు, బాయిలరు మార్పించొచ్చు. మన తలల మీద ఇలా టప్ టప్ మని పడటం ఉండదు."

"నీ తల మీద పడితే నష్టమేం లేదులే," అంది లురీనా. ఆమె వెంటనే బ్రాంట్ వైపు తిరిగి కాస్త మెత్తబడింది. "మనిషి మాత్రం పద్ధతిగా ఉన్నాడు హెస్టర్. నా ఆపిల్ పై రెండోసారి అడిగి తిన్నాడు."

"అదీ ఒక లెక్కేనటే లురీనా?"

"నీ లెక్కలకంటే నయమే. తిన్నవాడి మొహం చూస్తే తెలుస్తుంది. నీ లెక్కలకి మొహమే ఉండదు."

అంటే మూడు ఓట్లలో ఒకటి అమ్మకం వైపు, ఇంకోటి అటే ఒరిగి ఉంది. అమ్మితే కార్ఖానా ఒహాయోకు తరలిపోతుందని అందరికీ తెలుసు. అందుకే ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. హెస్టర్ బ్రాంట్ మొహంలోకి చూసింది. ఆయనలో వంచన ఏమీ లేదు. బర్లింగ్టన్ వ్యాపారిలోనూ ఉండేది కాదు. ఈసారి కూడా ఒక్క వసంతం చూసి తోపు అమ్మేస్తే, చుట్టుదారి నడవవలసింది తనొక్కతే కాదు, ఊరు ఊరంతా.

"రెండు వారాలు గడువివ్వండి," అంది.

"ఎందుకు టీచర్?" అన్నాడు హొరేస్.

"ఈ షేరుతో నాకింకా పరిచయం కాలేదు."

పరిచయం చేసుకోవడం ఎలాగో ఆమెకు తెలుసు. కార్ఖానా ఏటా ఎంత మిగిల్చిందో లైబ్రరీకి ఎప్పుడూ చెబుతూనే ఉంది. పదేళ్లవి కూడి పదితో భాగించాలి, అంతే. కానీ అక్కడే ఒక గొయ్యి ఉంది. 1951లో డాలరిస్తే నిండు సప్పర్ పెట్టి, ఐదు సెంట్లు తిరిగి చేతిలో పెట్టేవాళ్లు. 1980లో డాలరిస్తే "తక్కిన రెండేవీ?" అంటారు. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, బలం ఒకటి కాదు. ఈ రెంటినీ కలిపి కూడటమంటే ఎద్దునూ పిల్లినీ చూపించి "రెండు తలలు" అని దుక్కికి పంపడమే. ముందు అన్ని డాలర్లనూ ఒకే బలానికి తేవాలి. ధరలెంత పెరిగాయో వాషింగ్టన్ వాళ్లు ఏటా అచ్చువేస్తారు. ఆ మాటే హొరేస్ దుకాణంలో అంది.

హొరేస్ మేకులు తూచడం ఆపాడు. "వాషింగ్టన్ లెక్క నాకు చెప్పకండి టీచర్. ధరలు కనిపెట్టడానికి వాళ్లకి వందలకొద్దీ గుమాస్తాలట. వాళ్లలో ఒక్కడైనా నా దగ్గర ఒక్క మేకు కొన్నాడా?"

"కొని ఉండడు."

"మరి? ఆ లెక్క చూపిస్తే నేనూ వినను, లురీనా కూడా వినదు. ముందే చెబుతున్నా."

హెస్టర్ కోపగించుకోలేదు. చేతికందే వస్తువుతో చెప్పకపోతే భిన్నాలు బుర్రకెక్కని పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో ఒకడికి యాభై ఎనిమిదేళ్లు రావడం విశేషమేమీ కాదు.

"సరే, నువ్వు కొన్నదానితోనే కొలుద్దాం. నీ పెళ్లినాటికి చర్చి సప్పర్ ఎంతరా?"

"తొంభై ఐదు సెంట్లు," అన్నాడు హొరేస్ తడుముకోకుండా. "యాభై ఒకటి, అక్టోబరు. ఆవేళ మా మావగారు ఇచ్చారు. మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు, అందుకే గుర్తు."

దుకాణంలో పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా మేలుకున్నారు. ఆ ఊళ్లో భార్య పుట్టినరోజు మర్చిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, సప్పర్ ధర మర్చిపోయినవాడు లేడు. ఒకడి కొడుకు సైన్యంలో చేరిన ఏడు, ఇంకొకడి కొట్టం కాలిన ఏడు, వరద వంతెనను తీసుకుపోయిన ఏడు. "కాదు, డాలరూ పది!" "నీ మొహం, డాలరూ పదిహేను. నీకు వడ్డించింది మా ఆవిడే!" ఒక మధ్యాహ్నంలో ముప్ఫై ఏళ్ల ధరలు సాక్షులతో సహా రుజువయ్యాయి. వాషింగ్టన్ గుమాస్తాలకు ఇంత పోట్లాట ఉండదు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా, హెస్టర్ వంటింటి బల్ల ముందు కూర్చుంది. ఏ ఏటి సంపాదనను ఆ ఏటి సప్పర్ ధరతో భాగించింది. అంటే ఒక షేరు తన యజమానికి ఆ ఏడు ఎన్ని భోజనాలు పెట్టగలిగిందన్నమాట. మంచు ముంచెత్తిన 1971లో నాలుగున్నర డాలర్లు, సప్పర్ ఒకటిన్నర, మూడు భోజనాలు. ఈ ఏడు ఒక్క డాలరు, సప్పర్ మూడు. భోజనంలో మూడో వంతు. ఏటికీ ఏటికీ పొంతన లేదు. ఒక ఏడు విందు, ఒక ఏడు పస్తు.

తర్వాత పదేసి ఏళ్లు కట్టగట్టింది. 1951 నుంచి అరవై దాకా సగటు రెండు సప్పర్లు. 1961 నుంచి డెబ్భై దాకా కట్టి, పెన్సిలు ఆపి, మళ్లీ మొదటి నుంచి కట్టింది. రెండు సప్పర్లు.

ఆమె పెన్సిలు బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్లి నిలబడింది. కొండ మీద ఎండ కాస్తోంది, వాగుల్లో వాన నీళ్లు పారుతున్నాయి. ఇరవై మూడో ఏట సంపూర్ణ సూర్యగ్రహణం చూసిందామె, గడ్డిబీట్లో నిలబడి. పట్టపగలు చీకటి పడగానే ఆవులు క్రమశిక్షణగా కొట్టం దారి పట్టాయి. ఆకాశంలో అంత పెద్ద వ్యవహారం చెప్పిన నిమిషానికి చెప్పినట్టు జరగడం చూసి, అప్పుడు టోపీ తీసింది. ఇప్పుడూ తీసింది. ఈ ఇరవై ఏళ్లలో కొరియా యుద్ధం ముగిసింది, ఇంకోటి మొదలైంది. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. మంచు తన ఇష్టం వచ్చినట్టు పడింది, మానింది. డాలరు చిక్కిపోయింది. వీటన్నిటి అడుగున ఎవరి కంటా పడకుండా, ఎవరి మెప్పూ కోరకుండా, ఏటా రెండు భోజనాలు. గడ్డకట్టిన చెరువు అడుగున చేప కదలకుండా నిలబడ్డట్టు. నాన్నకు కనబడవలసింది ఇదే. ఆయన మంచుగడ్డ మీదే నడిచి వెళ్లిపోయాడు.

మూడో కట్ట మాత్రం తేడా చేసింది. 1971 నుంచి ఈ ఏటి దాకా రెండు సప్పర్లూ, మీద ఐదో వంతు. ఆ కొసరు ఆమె పక్షానికే బలం. ఇంకొకరైతే దాన్ని కళ్లకద్దుకుని ఊరుకునేవాళ్లు. హెస్టర్‌కు మాత్రం చంద్రుడు పక్కకు తప్పుకున్నట్టు అనిపించింది. మళ్లీ హొరేస్ దగ్గరికి వెళ్లింది.

"డెబ్భై ఐదులో మంచు ఎలా పడింది?"

"ఓ మోస్తరు. ఏం?"

"ఆ ఏడు షేరు నాలుగు డాలర్లు సంపాదించింది. సప్పర్ ఒకటిన్నర. అంటే దాదాపు రెండూ ముప్పావు భోజనాలు. డెబ్భై ఒకటి నాటి ప్రళయానికి కాస్త తక్కువ."

హొరేస్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "టీచర్, ఆ నాలుగైదేళ్లూ ధర నిలబడింది గాని ప్లేటు నిలబడలేదు! ఆ ఏటి ఆపిల్ పై ముక్క కంటికి అడ్డం పెట్టుకుంటే అవతల పాదిరిగారు కనిపించేవారు. మీ కొలబద్దే కొరుక్కుతిన్న కొలబద్ద. ఇక సోమవారం చెయ్యెత్తేసి అమ్మెయ్యండి."

జరిగింది ఇదీ. 1971లో ధర ఒకటిన్నర చేసిన రోజున లురీనా హాలు మధ్య నిలబడి, తన చేతిలో గరిటె ఉన్నన్నాళ్లూ ఇక పైసా పెంచనని శపథం చేసింది. శపథానికీ మార్కెట్ ధరలకూ మధ్య ఆమె కత్తి ఒంటరిగా పోరాడింది. చివరికి 1977లో ఓడిపోయి ధర పెంచింది. అప్పుడు ఆపిల్ పై ముక్క మళ్లీ లావెక్కింది. ఊరంతటికీ తెలుసు. లురీనా ముందు అనడానికి మాత్రం ఎవరికీ రెండు ప్రాణాలు లేవు.

హెస్టర్ వెళ్లేసరికి లురీనా పిండి పిసుకుతోంది.

"లురీనా, డెబ్భై ఐదులో ఆపిల్ పై ఎన్ని ముక్కలు కోసేదానివి?"

గుమ్మడికాయల దొంగ అనకముందే లురీనా భుజాలు తడుముకుంది. "ఎప్పుడూ కోసినన్నే! ఏం, ఎవడేమన్నాడు? ఆ మేకులవాడేనా?"

"నేను లెక్క కోసం అడుగుతున్నానే."

"నలభై ఏళ్లు పిల్లలకి మార్కులేశావు, చాల్లేదా? ఇప్పుడు నా ప్లేటుకి మార్కులెయ్యడానికొచ్చావా? వెళ్లు తల్లీ, వెళ్లు. సోమవారం నా చెయ్యి ఎటు లేస్తుందో చూద్దువుగాని."

సోమవారం అవే బకెట్లు, అవే స్వరాలు. లురీనా హెస్టర్ వైపు చూడకుండా ఎడంగా కూర్చుంది. బ్రాంట్ పత్రాలు సిద్ధంగా పెట్టుకున్నాడు. హెస్టర్ లేచి, గోడకున్న నల్లబల్ల మీద రాసింది. మొదటి పదేళ్లు, రెండు. రెండో పదేళ్లు, రెండు.

"ఇవాళ సప్పర్ మూడు డాలర్లు," అంది. "బ్రాంట్ గారిచ్చే ముప్ఫై అంటే పది భోజనాలు. ఏటా రెండేసి భోజనాలు పెట్టే వంటింటిని పది భోజనాలకు అడుగుతున్నారు. అయిదేళ్లలో ఆ పదీ ఆయనకు తిరిగొచ్చేస్తాయి. వంటిల్లు ఆయనకే మిగిలిపోతుంది."

బ్రాంట్ మొహంలో నవ్వు పోలేదు గాని కొంచెం పల్చబడింది. "మూడో పదేళ్ల మాటేమిటి మేడమ్? మేము కొనేది రేపటి కార్ఖానాని. దానికి దగ్గరివి ఆ పదేళ్లేగా?"

"నిజమే," అంది హెస్టర్. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. "వాటిలో కొన్నేళ్ల సప్పర్ ధర సరైనది కాదని నా అనుమానం. తప్పు కొలతతో వచ్చిన అంకె నాకు అనుకూలంగానే ఉంది. కానీ దాన్ని ఈ బల్ల మీద రాయను. ఆ ఏళ్లు తీసేస్తే నా దగ్గర పదేళ్ల సగటు లేదు. ఉన్నట్టు చెప్పలేను."

"టీచర్ నిజాయితీకి వంక లేదు," అన్నాడు హొరేస్, గొంతు తగ్గించి. గెలుస్తున్నవాడి గొంతు అంత మెల్లగా ఉండటం అతనికే కొత్త. "మరి ఓటు వేద్దామా?"

హెస్టర్ సుద్ద కింద పెట్టడానికి వంగింది.

"ఏడు," అంది లురీనా.

అందరూ అటు తిరిగారు.

"డెబ్భై నాలుగులో ఏడు ముక్కలు. తర్వాత రెండేళ్లు ఎనిమిది. మిగతా అన్నేళ్లూ ఆరే. హామూ అంతే, బీన్సూ అంతే; ప్లేటు మొత్తానికి ఒకటే న్యాయం." ఆమె లేచి నిలబడింది. మొహం పొయ్యి దగ్గర ఉన్నప్పటికంటే ఎర్రగా ఉంది. "గుండ్రటి దాన్ని ఏడు ముక్కలు కొయ్యడం ఎంత కష్టమో మీలో ఒక్కరికైనా తెలుసా? ఊళ్లో సగం మందికి జీతాలు పెరగలేదు ఆ ఏళ్లు. ధర పెంచితే వాళ్లు రారు. రాకపోవడం కంటే సన్నటి ముక్క తిని నన్ను తిట్టుకోవడం నయమనుకున్నాను. హొరేస్, నువ్విప్పుడు నవ్వావంటే నీ నోట్లో పళ్లుండవు."

హొరేస్ నవ్వలేదు. చేతులు జేబుల్లోంచి తీశాడు.

హెస్టర్ బల్ల వైపు తిరిగింది. ఆరు ముక్కల ప్లేటు ఒకటిన్నర డాలర్లు. ఎనిమిది ముక్కల ప్లేటుకీ అంతే తీసుకుంటే, నిండు ప్లేటు నిజం ధర రెండు డాలర్లు. 1975లో షేరు సంపాదన నాలుగు డాలర్లు. రెండు పెట్టి భాగిస్తే రెండు. మిగతా ఏళ్లు కూడా దిద్ది, పదీ కూడి, పదితో భాగించింది. సుద్ద బల్ల మీద కిర్రుమంది.

రెండు.

హెస్టర్ మెల్లగా అలమర దగ్గరికి వెళ్లి, దేశం మొత్తం లెక్కలు అచ్చువేసే లావుపాటి వార్షిక గ్రంథం తీసింది. అప్పుడు వద్దన్నవాడు ఇప్పుడు వద్దనలేదు. వేలు పెట్టి వెతికి, పైకి చదివింది: "1967లో ధరలు నూరనుకుంటే, డెబ్భై ఒకటిలో నూట ఇరవై ఒకటి. డెబ్భై ఐదులో నూట అరవై ఒకటి." కళ్లజోడు తీసి లురీనాను చూసింది. "మూడో వంతు పెరిగాయి. ఆరు ముక్కల్ని ఎనిమిది చేస్తే సరిగ్గా అదే. లురీనా, వాషింగ్టన్‌లో వందల మంది కూర్చుని, దేశం నలుమూలలా బజార్లు తిరిగి, అంకెలు కూడి కనిపెట్టినదాన్ని నువ్వు కత్తితో కోశావు."

లురీనా కుర్చీలో కూలబడింది. "నాకేం తెలుసు," అంది. "చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కోశాను."

"అదే నేనంటున్నది," అంది హెస్టర్. ఆమె గొంతు బడిలో ఎప్పుడూ వినని గొంతు. "డెబ్భై నాలుగులో మాత్రం వాళ్లకంటే కాస్త ఉదారంగా కోశావు."

బ్రాంట్ నల్లబల్లను చూస్తూ ఉండిపోయాడు. రెండు, రెండు, రెండు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు. గౌరవంతో తీశాడో, బయల్దేరుతూ తీశాడో చెప్పలేం. "మా ఆఫీసులో పన్నెండు నెలలకు మించి వెనక్కి చూడమండీ," అన్నాడు నిజాయితీగా. "చూస్తే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

"ఇరవై భోజనాలకైతే మాట్లాడదాం. అరవై డాలర్లు," అంది హెస్టర్.

"అడుగుతాను. ఒప్పుకుంటారని మాత్రం అనుకోను."

ఓటు పెట్టారు. ముప్ఫైకి అమ్మడానికి చెయ్యెత్తిన వాళ్లు లేరు. హొరేస్ ఎత్తబోయి, దారిలో చెవి గోక్కున్నాడు.

ఒహాయో నుంచి జవాబు రాలేదు. కప్పు కారుతూనే ఉంటే, ఎండాకాలంలో కార్ఖానా పనివాళ్లే వచ్చి, అమ్ముడుపోని నాగళ్ల ఉక్కు పలకలు సాపుచేసి కప్పు మీద బిగించారు. అవసరమైతే ఎదురు తిరిగి మంచును నెట్టగల లైబ్రరీ ఆ రాష్ట్రంలో ఇదొక్కటే. రెండేళ్ల తర్వాత కిటికీలు మునిగేలా మంచు పడింది. హొరేస్ పరుగున వచ్చి, "టీచర్, మన షేరు ఇప్పుడు ఆకాశానికెక్కిందండీ! ఎంతంటారు?" అన్నాడు. ఆమె అల్లికలోంచి తలెత్తకుండా, "రెండు సప్పర్లురా" అంది. మంచు లేనినాడు భయపడలేదు, ఉన్ననాడు పొంగిపోలేదు. ఈ విషయంలో ఆమె ఊరికంతటికీ విసుగు పుట్టించింది.

కానీ అంతకంటే ముందు, ఓటు అయిన వారం తర్వాతి శనివారం సప్పర్ గురించి చెప్పాలి. ఆ రోజు ధర మూడూ పావు అయింది. ఎవరూ గొణగలేదు. వరసలో నిలబడ్డవాళ్లంతా బల్ల దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేశారు. లురీనా వేడి వేడి ఆపిల్ పై ముందు పెట్టుకుని కత్తి ఎత్తింది. పూర్వం ఆ కత్తిని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు దేశపు ఆర్థిక స్థితి యావత్తూ దాని అంచున నిలబడి ఉన్నట్టు నలభైమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. హొరేస్ పెదాలు కదులుతున్నాయి: ఒకటి, రెండు, మూడు.

"లెక్కపెడుతున్నావేంరా?" అంది లురీనా.

"దణ్ణం పెట్టుకుంటున్నా," అన్నాడు హొరేస్.

కత్తి ఆరు ముక్కల దగ్గర ఆగింది. హెస్టర్ తన ముక్క తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపు తినలేదు, దాన్నే చూస్తూ ఉంది. తిన్నాక, వంటింట్లో గిన్నెలు కడగడంలో సాయానికి కూడా ఉండకుండా, కోటు వేసుకుని బయటికి వచ్చి, చిన్నప్పటి తర్వాత ఎన్నడూ నడవని దారిన, మేపుల్ తోపు పక్కగా ఇంటికి నడిచి వెళ్లింది. చెట్లకు బకెట్లు వేలాడుతున్నాయి. ఎవరివో. రసం చుక్క చుక్కగా పడుతోంది. ఆ ఏడు ఎక్కువ పడుతోందా తక్కువ పడుతోందా అని ఆమె చూడలేదు.